జవాను మోసే బరువు

గూడూరు జంక్షనులో ఉత్తరాదికి పోయే రైలు కోసం నల్ల ఇనుప పెట్టె మీద కూర్చుని ఎదురుచూసే జవానును మన విద్యార్థులలో చూడనివారు ఉండరు. సెలవు ముగిసి తిరిగి పోతున్న ఆ యువకుని చుట్టూ తల్లి, చెల్లెలు, ఒకరిద్దరు మిత్రులు నిలిచి ఉంటారు. ఆ పెట్టెలో ఏమున్నదో మనం ఊహించగలం: నాలుగు జతల బట్టలు, ఒక ఊరగాయ సీసా. కాని అతడు రైలు దిగి సరిహద్దు చేరిన పిదప భుజానికెత్తుకొనే సామగ్రిలో ఏమున్నదో మనలో చాలామందికి తెలియదు. తరగతిలో ఈ ప్రశ్న వేసినప్పుడు మాకు ఏకకంఠంగా వచ్చిన జవాబు "ఏకే ఫార్టీసెవెన్, సార్!" అని. అది సినిమా నేర్పిన జవాబు. సైన్యంలో చేరగోరే విద్యార్థులు మన కళాశాలలో ఏటా కొందరుంటున్నారు గనుక, ఇంతకంటె సరియైన సమాధానం వారికి అవసరమని తలచి ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

ఉర్దూ, తెలుగు రెండూ వినిపించే ఆవరణ మనది కాబట్టి ముందుగా మాటల సంగతి ఒకటి. సిపాయి, జవాను అనేవి పారసీక పదాలు. తుపాకి కూడ తురుష్క పారసీక మార్గాన మనకు వచ్చినదే. అంతకంటె వింతయైనది మేగజైను. ఈ వార్షిక సంచికను మనం మేగజైను అంటున్నాము. తూటాలు నింపి రైఫిలు అడుగున తగిలించే డబ్బాకు కూడ అదే పేరు. ఈ రెండింటికీ మూలం గిడ్డంగులు అనే అర్థంగల అరబ్బీ 'మఖాజిన్'. ఒకటి వ్యాసాల గిడ్డంగి, మరొకటి తూటాల గిడ్డంగి!

ఇక ఆయుధం. 1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు మన సిపాయి చేతిలో ఉన్నది త్రీనాట్‌త్రీ రైఫిలు. పది తూటాలు పట్టేది. ఒక్కొక్క గుండు పేల్చిన తరువాత చేతితో బోల్టు లాగవలసిందే. ఆ మంచుకొండలమీద చాలామందికి నూలు బట్టలు, కాన్వాసు జోళ్లు తప్ప వేరేవి లేవు. ఆ అనుభవం తరువాత 7.62 మిల్లీమీటర్ల సెల్ఫ్ లోడింగ్ రైఫిలు సైన్యానికి అందింది. 1971 యుద్ధంలో మన పదాతి దళానికి అదే ప్రధానాయుధం. దాని తరువాత 1990ల చివరి భాగంలో 5.56 మిల్లీమీటర్ల ఇన్సాస్ వచ్చింది.

గుండు ఎందుకు చిన్నదైనదని మీరు అడగవచ్చు. ఇక్కడ లెక్క అంతా బరువుదే. 7.62 తూటా ఒకటి సుమారు 24 గ్రాములు తూగుతుంది, 5.56 తూటా అందులో సగం. కిలో బరువులో పెద్దవి నలభై పడితే, చిన్నవి ఎనభై పడతాయి. కొండ ఎక్కే సిపాయికి ఇది బడిలెక్క కాదు. సంచిలోనుంచి ఒక కిలో తిండి తీసివేస్తే ఎన్ని తూటాలు పెట్టుకోవచ్చు, ఒక లీటరు నీరు వదలుకుంటే ఎంతసేపు పోరాడవచ్చు అని అతడు నిజంగానే తూచుకోవలసి ఉంటుంది.

1999 కార్గిల్ యుద్ధం ఈ లెక్కకు పరీక్ష పెట్టింది. తోలోలింగ్ ప్రాంతంలో జూన్ 28న వీరమరణం పొందిన మేజర్ పద్మపాణి ఆచార్య మన హైదరాబాదువాడు. ఆయనకు మరణానంతరం మహావీర చక్రం ప్రదానం చేశారు. ఆ శిఖరాల చలిలో ఇన్సాస్ రైఫిలు ప్లాస్టిక్ మేగజైనులు పగులుతున్నవనీ, రైఫిలు అప్పుడప్పుడు ఇరుక్కుపోతున్నదనీ ఫిర్యాదులు వచ్చాయి. మైదానంలో బాగున్న వస్తువు మంచులోనూ బాగుండాలనే నియమమేమీ లేదు. గడ్డకట్టే చలిలో ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది, నూనె చిక్కబడుతుంది, ఇనుము తాకితే చర్మం అంటుకుపోతుంది. తరువాత సైన్యం మళ్లీ పెద్ద గుండువైపు మొగ్గింది. 2019లో అమెరికా నుండి 72,400 సిగ్ రైఫిళ్లు కొనడానికీ, 2021 డిసెంబరులో ఉత్తరప్రదేశ్‌లోని అమేఠీ జిల్లా కోర్వాలో ఆరు లక్షలకు పైగా ఏకే 203 రైఫిళ్లు తయారుచేయడానికీ ఒప్పందాలు జరిగాయి. తరగతిలో ఏకే అని అరచినవారు పూర్తిగా తప్పలేదన్నమాట!

రైఫిలు నాలుగు కిలోల వస్తువు. దానికంటె బరువైనది దేహాన్ని కాపాడే కవచం. అది పది కిలోల ప్రాంతంలో ఉంటుంది. గుండును ఆపేది ఇనుము అని చాలామంది అనుకుంటారు. ఈనాటి కవచంలో ముందుండేది పింగాణీ జాతికి చెందిన అతి కఠినమైన పలక. గుండు దానికి తగిలి ముక్కలవుతుంది, పలక కూడ పగులుతుంది. వెనుకనున్న గట్టి నారపొరలు ఆ ముక్కలను పట్టి ఆపుతాయి. హైదరాబాదు కంచన్‌బాగ్‌లో 1973లో స్థాపితమైన మిధాని సంస్థ, భాభా అణు పరిశోధన కేంద్రం సహకారంతో, 'భాభా కవచ్' పేర ఇటువంటిదే తయారుచేసింది. గుండు ఆగినా దెబ్బ ఆగదు. లోపల ఎముక కమిలిపోవచ్చు. మే నెల గూడూరు ఎండలో దానిని తొడుక్కొని నడవడం ఎట్లుంటుందో మీరే ఊహించండి.

కూడి చూద్దాం. రైఫిలు, కవచం, కిలోన్నర శిరస్త్రాణం, తూటాలు నిండిన అరడజను మేగజైనులు, రెండు చేతిబాంబులు, రెండు లీటర్ల నీరు, గాయానికి కట్టే పట్టీలు, గుంత త్రవ్వే పనిముట్టు. తిండీ దుప్పటీ ఇంకా లెక్కకు రాలేదు, అప్పుడే ఇరవై కిలోలు దాటింది. రేడియో మోసేవానికి అదనపు బరువు రేడియో, దాని బ్యాటరీలు. రాత్రి చూపు పరికరం ఉంటే అది మరొకటి. అన్నీ కలిపితే మన ఇళ్లకు వచ్చే నిండు గ్యాస్ సిలిండరు బరువుకు, అనగా ముప్పై కిలోలకు, చేరుతుంది. సిలిండరు మోసే మనిషి మెట్లెక్కి దించివేస్తాడు. జవాను దానితో పరుగెత్తాలి, పడుకోవాలి, లేవాలి, గురిపెట్టాలి.

శత్రువే లేని చోట ఈ సామగ్రి ఏమవుతుందో సియాచిన్ చెబుతుంది. 1984 ఏప్రిల్ నుండి మన సైన్యం ఆ హిమానీనదంమీద ఉన్నది. అక్కడ ప్రాణం నిలిపేవి బూట్లు, పొరలు పొరలుగా తొడిగే దుస్తులు, మంచు కళ్లద్దాలు, తాడు, మంచుగొడ్డలి. 2016 ఫిబ్రవరి 3న సుమారు 19,600 అడుగుల ఎత్తున గల సోనమ్ స్థావరంమీద మంచుచరియ విరిగిపడి మద్రాసు రెజిమెంటు 19వ పటాలానికి చెందిన పదిమంది కూరుకుపోయారు. వారిలో ఒకడు సిపాయి ముస్తాక్ అహ్మద్, కర్నూలు జిల్లా పార్నపల్లె వాడు. మన రాయలసీమ ఎండలో పెరిగిన బిడ్డ. గాలిలో ప్రాణవాయువు సముద్రమట్టంలోని దానిలో సగానికి తగ్గే ఆ చోట అతనిని కబళించినది తుపాకిగుండు కాదు, మంచు.

నాలుగేళ్ల తరువాత, 2020 ఫిబ్రవరిలో, పార్లమెంటు ముందుకు వచ్చిన కాగ్ నివేదిక చదివినప్పుడు మాకు ఈ పేరే గుర్తుకు వచ్చింది. ఎత్తయిన స్థావరాలలోని జవాన్లకు మంచు కళ్లద్దాల కొరత ఏర్పడినదనీ, కొత్త బూట్లు సకాలంలో కొనక పాతవాటినే తిరిగి వాడవలసి వచ్చినదనీ అందులో ఉన్నది. ఆ స్థితి గతించినదని సైన్యం చెప్పింది, అట్లే అగుగాక. మంచుమీద ఎండ ప్రతిఫలిస్తే అద్దాలు లేని కన్ను కొన్ని గంటలలోనే చూపు కోల్పోతుంది. రైఫిళ్ల కొనుగోలు వార్త పత్రికల మొదటి పుటకెక్కుతుంది, కళ్లద్దాల సంగతి లోపలి పుటలలో అణగిపోతుంది. ఇది మాకు బాధ కలిగించే విషయం.

ఆయుధం చేతనుండీ పేల్చని సందర్భం కూడ ఉన్నది. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్‌బాబుతోపాటు మొత్తం ఇరవైమంది అమరులైనారు. 1996, 2005 ఒప్పందాలననుసరించి అక్కడ తుపాకులు వాడరాదు. రాళ్లతోను, మేకులు దిగగొట్టిన కర్రలతోను పోరు జరిగింది. అదే సంవత్సరం నవంబరు 8న కాశ్మీరు మాఛిల్ సెక్టారులో చొరబాటుదారులను అడ్డుకుంటూ చిత్తూరు జిల్లాకు చెందిన హవల్దారు ప్రవీణ్‌కుమార్ రెడ్డి ప్రాణమర్పించాడు. అక్కడ రాత్రివేళ కాల్పులే జరిగాయి. దేశం ఒకటే, సైన్యం ఒకటే, సంవత్సరం ఒకటే.

ఈ వ్యాసానికై మాకు పరిచయమున్న ఒక విశ్రాంత సుబేదారు సాహెబుగారిని అడిగాము: "అన్నింటిలోకి ముఖ్యమైనది ఏదండీ?" రైఫిలు అంటారనుకున్నాము. ఆయన నవ్వి, "మేజోళ్లు, మాస్టారూ," అన్నారు. "రాత్రి విశ్రాంతి దొరికిన వెంటనే తడిసిన మేజోళ్లు మార్చాలి, కాళ్లు తుడుచుకోవాలి. ఆ తరువాత రైఫిలు శుభ్రం. కొత్తగా వచ్చిన కుర్రవాళ్లు తలక్రిందుగా చేస్తారు. మూడోనాడు నడవలేరు."