హైదరాబాద్ హీరోస్‌కు హైదరాబాద్ కావాలి

2025 జూన్ 15న ముంబయిలోని అంధేరీ స్పోర్ట్స్ కాంప్లెక్స్‌లో మన దేశపు తొలి ప్రొఫెషనల్ రగ్బీ లీగ్ మొదలైంది. దాని పేరు రగ్బీ ప్రీమియర్ లీగ్. పోటీపడిన ఆరు జట్లలో ఒకటి హైదరాబాద్ హీరోస్. చెన్నై బుల్స్, ఢిల్లీ రెడ్జ్, బెంగళూరు బ్రేవ్‌హార్ట్స్, ముంబయి డ్రీమర్స్, కళింగ బ్లాక్ టైగర్స్ మిగతా ఐదు. మన జట్టు సెమీఫైనల్ దాకా వెళ్లింది. జూన్ 29న జరిగిన ఫైనల్లో చెన్నై 41-0తో ఢిల్లీని ఓడించి తొలి కప్పు ఎగరేసుకుపోయింది.

ఆ చివరి వారంలోనే గోల్కొండ కోట మీద బోనాలు మొదలయ్యాయి. హైదరాబాద్‌లోని కార్వాన్ వీధుల్లో అందరి మాటా పండుగ గురించే. మన ఊరి పేరు పెట్టుకున్న జట్టు ఒకటి దేశంలో మొదటి నాలుగింటిలో నిలిచిందన్న మాట మాత్రం ఇక్కడి చాయ్ హోటళ్లలో నాకు వినబడలేదు. తప్పు జనానిది కాదు. మ్యాచ్‌లన్నీ ముంబయిలోనే జరిగాయి. ఆట కొత్తది. జట్టులో తెలిసిన పేర్లు లేవు. తర్వాతి సీజన్‌లో హీరోస్ అవకాశాలు ఎలా ఉంటాయని ఎవరైనా అడిగితే నా జవాబు ఒక్కటే. ఈ జట్టు బలం విదేశీ ఆటగాళ్లలో ఉంది, భవిష్యత్తు మాత్రం మన గల్లీల్లో ఉంది. ఆ రెండూ కలిస్తేనే కప్పు గురించి ధైర్యంగా మాట్లాడుకోవచ్చు.

ముందు ఆట సంగతి

రగ్బీ అనగానే పదిహేనేసి మంది బురదలో కుమ్ములాడుకునే దృశ్యం గుర్తొస్తుంది. ఈ లీగ్‌లో ఆడేది అది కాదు, జట్టుకు ఏడుగురు ఉండే సెవెన్స్. 1883లో స్కాట్లండ్‌లోని మెల్రోజ్ అనే చిన్న ఊళ్లో స్థానిక క్లబ్బుకు డబ్బు సమకూర్చడానికి ఒక్కరోజులో ముగిసే పోటీ పెట్టాలనుకున్నారు. నెడ్ హేగ్ అనే మాంసం వ్యాపారి ఆటగాళ్లను తగ్గించి, సమయాన్ని కుదించి ఈ పద్ధతి సూచించాడు. అదే 2016లో రియోలో ఒలింపిక్ క్రీడ అయింది. అక్కడా, ఆ తర్వాత టోక్యోలోనూ పురుషుల స్వర్ణం ఫిజీది. తొమ్మిది లక్షల జనాభా ఉన్న ద్వీప దేశం ప్రపంచాన్ని గెలిచిందంటే ఈ ఆటలో డబ్బుకన్నా అలవాటు ఎంత ముఖ్యమో తెలుస్తుంది.

నియమాలు కష్టమేమీ కాదు. బంతిని చేత్తో పట్టుకుని ముందుకు పరుగెత్తవచ్చు. సహచరుడికి అందించాలంటే మాత్రం పక్కకో వెనక్కో విసరాలి, ముందుకు విసరకూడదు. ప్రత్యర్థి గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే దాన్ని ట్రై అంటారు. దానికి 5 పాయింట్లు. ఆ వెంటనే బంతిని నేలకు వదిలి, అది పైకి లేస్తుండగా తన్ని గోలు కర్రల మధ్య నుంచి పంపితే మరో 2. మామూలు సెవెన్స్‌లో ఏడేసి నిమిషాల రెండు సగాలు ఉంటాయి. మన లీగ్‌లో నాలుగేసి నిమిషాల నాలుగు క్వార్టర్లు పెట్టారు. అంటే మొత్తం 16 నిమిషాలు.

పదిహేనుమంది ఆడే మైదానం మీదే ఇక్కడ ఏడుగురు ఆడతారు. గీత నుంచి గీతకు దాదాపు 100 మీటర్ల పొడవు, 70 మీటర్ల వెడల్పు. ఒక్కడు పట్టు తప్పితే వెనక ఆదుకునేవాడు ఉండడు. ఇంకో మెలిక కూడా ఉంది. సెవెన్స్‌లో పాయింట్లు సాధించిన జట్టే మళ్లీ బంతిని తన్ని ఆట మొదలుపెడుతుంది. ఆ తన్నిన బంతిని గాల్లోనే తిరిగి అందుకోగలిగితే రెండు నిమిషాల్లో రెండు మూడు ట్రైలు పడతాయి, ఎదుటి జట్టుకు బంతి ముట్టే అవకాశమే ఉండదు. ఫైనల్లో 41-0 లాంటి స్కోరు ఎలా సాధ్యమని ఆశ్చర్యపోయే వాళ్లకు ఈ ఆట స్వభావంలోనే జవాబు దొరుకుతుంది.

హీరోస్ చేతిలో ఉన్న బలం

తొలి సీజన్‌లో జట్టును నడిపించిన కోచ్ డీజే ఫోర్బ్స్. న్యూజిలాండ్ సెవెన్స్ జట్టుకు ఏళ్ల తరబడి కెప్టెన్‌గా ఉన్నవాడు, 2008లో ప్రపంచ ఉత్తమ సెవెన్స్ ఆటగాడిగా ఎంపికైనవాడు. మైదానంలో జట్టుకు ముఖ్యమైన అండ స్పెయిన్ ఆటగాడు మాన్యుయెల్ మొరెనో. స్పెయిన్‌ను తక్కువ అంచనా వేయకూడదు. 2025 మే నెలలో లాస్ ఏంజెలెస్‌లో జరిగిన ప్రపంచ సిరీస్ ఆఖరి పోరులో దక్షిణాఫ్రికాతో తలపడింది ఆ దేశమే.

అయితే మేటి కోచ్‌లు అన్ని జట్లకూ ఉన్నారు. విజేత చెన్నైని నడిపిన బెన్ గోలింగ్స్ 2022లో ఫిజీకి సెవెన్స్ ప్రపంచ కప్పు సాధించిపెట్టినవాడు. ఢిల్లీకి టొమాసి కామా, ముంబయికి టిమ్ వాల్ష్, కళింగకు మైక్ ఫ్రైడే ఉన్నారు. ఆరు జట్లూ ప్రపంచ స్థాయి ఆటగాళ్లనే తెచ్చుకున్నాయి. అందరి దగ్గరా ఉన్న బలం ఎవరినీ గెలిపించదు. తేడా ఇంకో చోట పుట్టాలి.

తేడా ఎక్కడ పుడుతుంది?

జట్టు కూర్పు చూస్తే అర్థమవుతుంది. తొలి సీజన్‌లో ఒక్కో జట్టుకు 13 మంది. వాళ్లలో ఐదుగురు అంతర్జాతీయ తారలు, ముగ్గురు కెనడా, హాంకాంగ్, జర్మనీల నుంచి వచ్చినవాళ్లు, ఐదుగురు భారతీయులు. ఆరు జట్లు ఒకదానితో ఒకటి రెండేసి సార్లు ఆడాయి. సెమీఫైనల్ చేరిన జట్టుకు లీగ్ దశలో పది, ఆ తర్వాత రెండు, మొత్తం పన్నెండు మ్యాచ్‌లు. అవన్నీ పదిహేను రోజుల్లో, జూన్ నెల ముంబయి ఉక్కపోతలో.

మ్యాచ్ 16 నిమిషాలే కదా అనిపిస్తుంది. కానీ సెవెన్స్‌లో నడక ఉండదు. పరుగు, ఢీ, లేవడం, మళ్లీ పరుగు. ఒంట్లో మిగిలిన సత్తువ మ్యాచ్ మ్యాచ్‌కూ తరిగిపోతుంది. ఎనిమిది మంది విదేశీయులు ఎంత మేటివాళ్లయినా పన్నెండు మ్యాచ్‌ల భారం వాళ్లే మోయలేరు. లీగ్ దశలో ఎవరికి ఎంత విశ్రాంతి దొరికిందన్నది సెమీఫైనల్ నాలుగో క్వార్టర్‌లో కాళ్లు చెబుతాయి. ఐదుగురు భారతీయుల్ని ఏ కోచ్ భయం లేకుండా బరిలోకి దింపగలడో ఆ కోచ్ తారలు చివరి వారానికి తాజాగా ఉంటారు. తర్వాతి సీజన్‌కు హీరోస్ ముందున్న అసలు పని ఇదే.

కార్వాన్‌లో ఏముంది?

ఇక్కడే మన ఊరి గురించి మాట్లాడాలి. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండకు సరుకుతో వచ్చే బిడారులు దిగిన చోటు కార్వాన్. సాహుకార్ల ఇళ్లు, 1671లో కట్టిన తోలి మసీదు, దర్బార్ మైసమ్మ గుడి ఉన్న పేట ఇది. గల్లీలో తెలుగు, దక్కనీ ఉర్దూ, మరాఠీ, గుజరాతీ కలగలిసి వినిపిస్తాయి. రగ్బీ మైదానం లేదు. రగ్బీకి కావాల్సిన ఒళ్లు మాత్రం ఉంది.

పాతబస్తీకి తాలీంల, అంటే కుస్తీ శాలల, సంప్రదాయం ఉంది. ఉస్తాద్ కళ్లముందు దండీలు, బైఠకీలు తీసి, మెత్తటి మట్టిలో కుస్తీ పట్టిన కుర్రాడికి నడుము వంచి ఎదుటివాడి బరువును తన మీదికి తీసుకోవడం తెలుసు. కబడ్డీ ఆడిన పిల్లవాడికి ఇంకా ఎక్కువ తెలుసు. రైడర్ మడమ పట్టాలా, తొడ పట్టాలా, ఇద్దరు కలిసి గొలుసు కట్టి ఎప్పుడు మూసుకోవాలా అన్నది వాడికి రెప్పపాటులో తోస్తుంది. రగ్బీలో పట్టు భుజాల గీతకు కిందనే పడాలి. తల పక్కకు పెట్టి, భుజంతో తాకి, చేతులతో కాళ్లను చుట్టేయాలి. కబడ్డీ కుర్రాడికి ఇందులో సగం వచ్చు.

మిగతా సగం నేర్పాలి. కబడ్డీ బరి పదమూడు మీటర్ల పొడవే, రైడ్ ముప్పై సెకన్లే. వంద మీటర్ల పచ్చిక మీద ఆగకుండా పరుగెత్తడం వేరే విద్య. పరుగులో ఉండగా కోలగా ఉన్న బంతిని రెండు చేతులతో వెనక్కి తిప్పి విసరడం, గాల్లోకి తన్నిన బంతి కింద నిలబడి అందుకోవడం కూడా కొత్తవే. వీటికి పచ్చిక కావాలి, శిక్షకుడు కావాలి, రెండు మూడేళ్ల ఓపిక కావాలి. దెబ్బల విషయంలో జాగ్రత్త అన్నిటికన్నా ముందు రావాలి. తలకు దెబ్బ తగిలిందన్న అనుమానం వస్తే ఆ పిల్లవాణ్ని వెంటనే మైదానం బయటికి పంపాలనీ, ఆ రోజు మళ్లీ ఆడనివ్వకూడదనీ ప్రపంచ రగ్బీ నియమం. ఈ నియమాన్ని ఒంటబట్టించుకున్న శిక్షకుడి చేతికే మన పిల్లల్ని అప్పగించాలి.

ఇది ఊహ కాదు. ఒడిశాలో కళింగ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ గిరిజన పిల్లలు 2007లో లండన్ వెళ్లి పద్నాలుగేళ్లలోపు పోటీ గెలుచుకొచ్చారు. బిహార్‌లోని బాఢ్ నుంచి స్వీటీ కుమారి దేశ జట్టుకు ఎదిగింది. 2025 ఆగస్టులో అదే రాష్ట్రంలోని రాజ్‌గిర్‌లో జరిగిన ఆసియా అండర్-20 సెవెన్స్‌లో మన అమ్మాయిలు కాంస్యం గెలిచారు. ఆ ఊళ్లలో ముప్పై ఏళ్ల కిందట రగ్బీ బంతి చూసినవాళ్లు లేరు. అక్కడ జరిగింది కార్వాన్‌లో ఎందుకు జరగదు?

వేళ్లు లేని ఆట ఏమవుతుంది?

చరిత్ర దీనికి గట్టి సాక్ష్యమే చెబుతుంది. 1872 క్రిస్మస్ రోజున కలకత్తాలో రగ్బీ మ్యాచ్ జరిగింది. మరుసటి జనవరిలో క్లబ్బు పుట్టింది. ఆడినవాళ్లు బ్రిటిష్‌వాళ్లు, వాళ్లలో సైనికులూ ఉన్నారు. రెజిమెంట్ ఊరు వదిలింది, ఉన్నవాళ్లు పోలోకూ టెన్నిస్‌కూ మళ్లారు, ఆరేళ్లు తిరక్కుండానే క్లబ్బు మూతపడింది. ఖాతాలో మిగిలిన వెండి రూపాయలు కరిగించి ఒక కప్పు చేయించి ఇంగ్లండుకు పంపారు. ఈనాటికీ ఇంగ్లండ్, స్కాట్లండ్ ఏటా ఆడేది ఆ కలకత్తా కప్పు కోసమే. కప్పు మిగిలింది, ఊళ్లో ఆట మిగల్లేదు.

మన ఊరి అనుభవం ఇంకా దగ్గరిది. 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ గచ్చిబౌలిని సొంత మైదానంగా చేసుకుంది, 2022లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. మూడేళ్లు తిరిగేసరికి ఆ ఫ్రాంచైజీ ఢిల్లీకి తరలిపోయి పేరు మార్చుకుంది. టైటిల్ గెలిచిన జట్టే నిలవలేదంటే, గెలుపొక్కటే ఊరికీ జట్టుకూ మధ్య ముడి వేయదని తెలుస్తోంది.

దీనికి ఎదురుగా మరో హైదరాబాదీ జట్టును చూడండి. సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది. దాని వెనక ఉన్నది కోచ్ ఎస్.ఎ. రహీం. ఊరి పిల్లల్లోంచే ఆటగాళ్లను ఏరి, రోజూ సాధన చేయించి తీర్చిదిద్దాడు. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన భారత జట్టుకూ, 1962లో ఆసియా క్రీడల స్వర్ణం గెలిచిన జట్టుకూ ఆయనే కోచ్. ఆ స్వర్ణం వచ్చి అరవై ఏళ్లు దాటినా రహీం సాబ్ పేరు ఈ ఊళ్లో చెక్కుచెదరలేదు.

తర్వాతి సీజన్‌కు ముందు ఏం చేయాలి?

హీరోస్ యాజమాన్యం మొదట చేయాల్సింది ఆటగాళ్లను హైదరాబాద్‌కు తీసుకురావడం. సీజన్ ముందు సాధన శిబిరం గచ్చిబౌలిలోనో, పాతబస్తీలోని కులీ కుతుబ్ షా స్టేడియంలోనో పెట్టాలి. కార్వాన్ నుంచి పిల్లలు బస్సెక్కి వెళ్లి చూడగలగాలి. మొరెనో లాంటివాడు తమ కళ్లముందు పక్కకు తప్పుకుని పరుగెత్తితే ఆట వాళ్లకు ఒక్కరోజులో అర్థమవుతుంది.

రెండోది, తాలీంలతోనూ కబడ్డీ సంఘాలతోనూ మాట్లాడాలి. ఏటా ఇరవై ముప్పై మంది కుర్రాళ్లను, అంతే మంది అమ్మాయిలను ఎంచుకుని ఏడాది పొడవునా శిక్షణ ఇవ్వాలి. లీగ్‌కు ప్రధాన భాగస్వామిగా ఉన్న జీఎంఆర్ సంస్థ పుట్టుకతో తెలుగు సంస్థ. శ్రీకాకుళం ప్రాంతపు రాజాంలో మొదలై, శంషాబాద్ విమానాశ్రయాన్ని నడుపుతున్న ఆ సంస్థకు ఈ ఊరి మీద బాధ్యత ఉంది. నటుడు రాహుల్ బోస్ అధ్యక్షతన నడిచే జాతీయ సమాఖ్య రగ్బీ ఇండియా దారి చూపాలి. స్కూలు మైదానాలు తెరిచే పని ప్రభుత్వానిది.

మూడోది ప్రేక్షకులమైన మనం చేయాల్సింది. లీగ్ మొదలయ్యాక స్కోరు ఒక్కటే చూసి ఊరుకోకండి. భారతీయ ఆటగాళ్లు ఎన్ని నిమిషాలు బరిలో ఉన్నారు, ఎన్ని పట్లు పట్టారు, తిరిగి తన్నిన బంతి ఎన్నిసార్లు హీరోస్ చేతికి చిక్కింది అని గమనించండి. ఈ మూడూ బాగుంటే హీరోస్ మళ్లీ సెమీఫైనల్ చేరుతుందని, ఈసారి దాన్ని దాటుతుందని నా నమ్మకం. బాగోకపోతే ఎంత పెద్ద తార వచ్చినా జట్టు చివరి నాలుగు నిమిషాల్లో చేతులెత్తేస్తుంది.

ఒక సీజన్ కప్పుతో ఈ పని పూర్తికాదు. పదమూడు మంది జాబితాలో పాతబస్తీ కుర్రాడి పేరు ఒక్కటి చేరిననాడు, ఆ పేరు కోసం కార్వాన్ మొత్తం టీవీల ముందు కూర్చుంటుంది. అలాంటి జట్టును ఏ యజమానీ ఇంకో ఊరికి తీసుకుపోలేడు.