అంతర్జాతీయ సంబంధముల విద్య మన బాలికలకు తగునా?

“అంతర్జాతీయ సంబంధములు ముఖ్యవిషయముగా బి.ఏ. చదివెదను” అని కుమార్తె యన్నప్పుడు, “దానివలన జీవనోపాధి కలుగునా?” యని తల్లి సందేహించుట సహజము.

యుద్ధము లేల పుట్టును, సంధు లెట్లు నిలుచును, దేశములనడుమ వర్తక మెట్లు సాగును అనునవి యిందలి విషయములు. ప్రథమ ప్రపంచ సంగ్రామము ముగిసిన పిమ్మట, 1919లో, వేల్సునందలి అబరిస్ట్‌విత్‌లో దీని కొక ఆచార్యపీఠ మేర్పడెను.

అయితే ఈ పట్టము పొందినంతనే రాయబారి పదవి లభించునని తలచుట పొరపాటు. మన విదేశాంగ సేవకు సివిల్ సర్వీసుల పరీక్షయే ద్వారము. దానికి గుర్తింపుగల యే పట్టమైనను చాలును. 2009లో విదేశాంగ కార్యదర్శియైన నిరుపమా రావుగారు ఆంగ్ల సాహిత్యము చదివినవారు.

ఆడపిల్లకు అట్టి కొలువేల యందురా? ఆ సేవలో 1949లో చేరిన ప్రథమ మహిళ సి.బి. ముత్తమ్మగారు. వివాహమాడుటకు ముందుగా ప్రభుత్వానుమతి పొందవలెనను నియమము నాడు స్త్రీలకే యుండెను. ఆమె న్యాయస్థానము నాశ్రయింపగా, 1979లో సుప్రీంకోర్టు అట్టి నియమములను తీవ్రముగా గర్హించెను.

కావున బాలికకు చరిత్ర, భూగోళము, దేశవార్తలయందు నిజమైన ఆసక్తి యున్నచో నిరభ్యంతరముగా చదివింపుడు. తోడుగా అర్థశాస్త్రమునో, ఒక విదేశభాషనో గట్టిగా నేర్పింపుడు. రుసుము భారమగునేని, బి.ఏ.లో చరిత్రయో రాజనీతియో చదివి, ఎం.ఏ.లో దీనిని చేపట్టవచ్చును. ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయమున అట్టి యేర్పాటు కలదు. విదేశయానమే యాశయమైనచో మాత్రము, అప్పుచేసి చేర్పింపక ముందే బాలికతో నిదానముగా మాటాడుడు.