కచేరీకి వెళ్లే పిల్లలకు ముందే చెబుదాం

ఖమీస్ ముషైత్‌లో ఉండే మనకు అభా పక్క ఊరే. అక్కడి అల్ ముఫ్తాహా థియేటర్‌లో కచేరీ అంటే కుర్చీలో కూర్చుని వినడమే. మన పిల్లలు ఇప్పుడు అడుగుతున్నది అలాంటి కచేరీ కాదు. 2019లో రియాద్‌లో మొదలైన సౌండ్‌స్టార్మ్ లాంటి వేడుకల్లో వేలమంది వేదిక ముందు నిలబడే ఉంటారు. మా అమ్మాయీ అడిగింది. ఇవాళ వద్దంటే రేపు చదువుకోవడానికి వెళ్లిన ఊళ్లో చూస్తుంది. అందుకే ఇద్దరం కూర్చుని, ఇదివరకు ఏం జరిగిందో తెలుసుకున్నాం.

మనవాళ్లు ఎందరో ఉన్న హ్యూస్టన్‌లో 2021 నవంబరు 5న ఆస్ట్రోవరల్డ్ వేడుక జరిగింది. పగలే కొందరు కంచెలు పడదోసి లోపలికి జొరబడ్డారు. రాత్రి ట్రావిస్ స్కాట్ పాడుతుండగా జనం ముందుకు ఒత్తుకున్నారు. పదిమంది చనిపోయారు. వారిలో తొమ్మిదేళ్ల బాబు కూడా ఉన్నాడు.

ఆ పదిమందీ కాళ్ల కింద నలిగిపోలేదు, నాలుగు వైపులా ఒత్తిడికి ఛాతీ కదలక ఊపిరాడలేదు. వెనకనుంచి తోసేవారికి అది సరదా, ముందు ఏం జరుగుతోందో వారికి కనిపించదు. 2023 నవంబరు 25న కొచ్చి విశ్వవిద్యాలయంలో కచేరీ దగ్గర తోపులాటలో నలుగురు పోయారు. 2024 డిసెంబరు 4న హైదరాబాద్ సంధ్య థియేటర్ దగ్గర ఒక తల్లి ప్రాణం కోల్పోయింది.

రద్దీని అడ్డం పెట్టుకుని ఆడపిల్లల మీద చేతులు వేసేవారు మరో బెడద. 2023 సెప్టెంబరులో చెన్నైలో రహమాన్ కచేరీకి వెళ్లిన కొందరు మహిళలు ఇదే చెప్పి వాపోయారు. సౌదీలో 2018 నుంచి వేధింపులకు ప్రత్యేక చట్టం ఉంది. రెండేళ్ల వరకు జైలు, లక్ష రియాళ్ల వరకు జరిమానా. బాధితులు పిల్లలైతే ఐదేళ్లు, మూడు లక్షల దాకా వెళ్తుంది. మన అబ్బాయిలకూ ఈ సంగతి చెప్పాలి. అనుమతి లేకుండా ఎవరినీ ఫొటో తీయకూడదనీ చెప్పాలి.

మా అమ్మాయికి నేను చెప్పినవి ఇవి. వేదికకు ఎదురుగా కాకుండా పక్కగా నిలబడు. లోపలికి వెళ్లగానే బయటకు దారులు ఎక్కడున్నాయో చూసుకో. విడిపోతే ఎక్కడ కలవాలో స్నేహితులతో ముందే అనుకో. చేతులు కదిపే చోటు లేదనిపిస్తే పాట మధ్యలోనైనా బయటకు వచ్చేయ్. ఇరుక్కుంటే చేతులు మడిచి ఛాతీకి అడ్డం పెట్టుకో, ఎదురు తోయకుండా అల తగ్గినప్పుడల్లా కొద్దికొద్దిగా పక్కకు జరుగు. ఫోన్ కింద పడితే వంగి తీయకు. మనిషి పడితే మాత్రం పదిమందిని కేకేసి లేపండి. అంబులెన్సుకు ఇక్కడ 997.