ఎదురు మంట ఎప్పుడు కాపాడుతుంది?

అనంతపురం మెట్టలో ఏడాదికి పడే వాన దాదాపు 550 మిల్లీమీటర్లు. ఆ కాస్త వానకే గుట్టల మీద బోదగడ్డి ఏపుగా పెరుగుతుంది. ఫిబ్రవరికల్లా నిలువునా ఎండిపోతుంది. ఆర్పకుండా పారేసిన బీడీ ముక్కో, కొత్త చిగురు కోసం ఎవరైనా పెట్టిన నిప్పో చాలు, గుట్ట అంటుకుంటుంది. అక్కడ నీళ్లుండవు. ఫైరింజన్ ఎక్కలేదు. పచ్చి కొమ్మలతో కొట్టి ఆర్పాల్సిందే. మంట మరీ ఎత్తుకు లేస్తే అదీ సాధ్యం కాదు. అప్పుడు మిగిలే దారి ఎదురు మంట (కార్చిచ్చు వచ్చేలోపు దాని దారిలోని గడ్డిని మనమే కాల్చేయడం).

ముందుగా బండిబాటనో, ఇసుక వంకనో, గడ్డి చెక్కేసిన పట్టీనో ఆసరా చేసుకుంటారు. దీన్ని ఫైర్ లైన్ (నిప్పుకు మేత లేని ఖాళీ పట్టీ) అంటారు. దాని అంచున, కార్చిచ్చు వచ్చే వైపు నిప్పు పెడతారు. మొదట అది గాలికి ఎదురుగా మెల్లగా పాకుతుంది. పెద్ద మంట దగ్గరపడేకొద్దీ చుట్టుపక్కల గాలిని తనవైపు లాక్కుంటుంది. ఆ లాగుడుకు చిన్న మంట కూడా అటే పరుగెడుతుంది. రెండూ కలిసిన చోట కాలడానికేమీ మిగలదు.

అయితే గాలి తిరిగిందంటే మనం పెట్టిన నిప్పే రెండో కార్చిచ్చు అవుతుంది. 2019 డిసెంబరులో ఆస్ట్రేలియాలోని మౌంట్ విల్సన్ దగ్గర అగ్నిమాపక దళం పెట్టిన ఎదురు మంట రోడ్డు దాటిపోయి ఇళ్లను కాల్చింది. శిక్షణ, వాహనాలు, వాతావరణ సమాచారం ఉన్నవాళ్లకే అలా జరిగింది. మన గుట్టల్లో వాలు మరో చిక్కు. వాలు పది డిగ్రీలు పెరిగితే పైకెక్కే మంట వేగం సుమారు రెట్టింపవుతుంది. పైన గొర్రెల కాపరి ఉన్నాడో లేడో చూడకుండా కింద నిప్పు పెడితే అతనికి తప్పించుకునే దారే ఉండదు. అందుకే ఇది శిక్షణ ఉన్న అటవీ సిబ్బంది చేతిలోనే ఉండాలని నా గట్టి అభిప్రాయం.

ఊరివాళ్లు చేయగలిగిన పని వేరే ఉంది. ముష్టికోవెల ఊరి దగ్గరి కల్పవల్లిలో 1990ల నుంచి చుట్టుపక్కల ఊళ్లు, టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ తోడుగా, బోడి గుట్టలను మళ్లీ పచ్చబరిచాయి. అలాంటి చోట మొక్కలు బతకాలంటే ముందు నిప్పును ఆపాలి. ఎండలు ముదరకముందే ఫైర్ లైన్ చెక్కాలి, వేసవంతా కాపలా కాయాలి. ఒక్కసారి కాలితే పశువులకు ఆ ఏటి మేత పోతుంది, తొలకరికి మట్టి కొట్టుకుపోతుంది.

మంట ఆరాక కూడా ఎండు పేడలో, మొద్దుల్లో నిప్పు గంటల తరబడి రాజుకుంటూనే ఉంటుంది. కాలిన అంచు వెంట చెయ్యి దగ్గరగా పెట్టి చూస్తూ, వేడి తగిలిన చోటల్లా తవ్వి, నిప్పును మట్టితో కలిపి పూర్తిగా ఆర్పాలి.