చెరువు అలుగుకు ఎంత వానను లెక్కించాలి? వార్షిక గరిష్ఠాల ఆధారంగా తీవ్ర వర్షపాత అంచనా

2023 జూలై చివరి వారంలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల వ్యవధిలో 649.8 మిల్లీమీటర్ల వర్షం నమోదయింది. తెలంగాణ రాష్ట్ర వార్షిక సగటు వర్షపాతం సుమారు 900 మిల్లీమీటర్లు. రాష్ట్ర సగటు లెక్కన చూస్తే, ఏడాది వానలో మూడింట రెండు వంతులకు మించిన నీరు ఒక్క దినంలోనే కురిసింది. పంటల ప్రణాళికకు సగటు వర్షపాతం ఉపకరిస్తుంది. కానీ చెరువు కట్టకు గండి పడేది సగటు వాన వల్ల కాదు. అలుగు వెడల్పు, పంట కుంట పొర్లు మార్గం, మురుగు కాలువ పరిమాణం మొదలైనవి అరుదుగా కురిసే అతి భారీ వానను దృష్టిలో ఉంచుకొని నిర్ణయించవలసినవి. అటువంటి వాన పరిమాణాన్ని పరిమిత కాలపు రికార్డుల నుండి అంచనా వేసే విధానాల్లో ప్రధానమైనది బ్లాక్ మాక్సిమా పద్ధతి.

పద్ధతి మూలసూత్రం

ఈ పద్ధతిలో రికార్డును సమాన కాలఖండాలుగా విభజించి, ప్రతి ఖండం నుండి ఒకే ఒక గరిష్ఠ విలువను గ్రహిస్తారు. వర్షపాతానికి సాధారణంగా ఖండం ఒక సంవత్సరం. 30 ఏళ్ల దినవారీ వర్షపాతం నుండి 30 వార్షిక గరిష్ఠాలు లభిస్తాయి. అనేక విలువల సగటు నార్మల్ విభాజనాన్ని సమీపించినట్లే, అనేక విలువల గరిష్ఠం కూడా ఒక నిర్దిష్ట విభాజన కుటుంబాన్ని సమీపిస్తుంది. ఆ కుటుంబంలో మూడు రూపాలే సాధ్యమని ఫిషర్, టిప్పెట్ 1928లో చూపగా, గ్నెడెంకో 1943లో సంపూర్ణంగా నిరూపించారు. ఆ మూడింటినీ జెన్కిన్‌సన్ 1955లో ఒకే సూత్రంగా కూర్చారు. అదే సాధారణీకృత అంత్య విలువల విభాజనం.

దీనికి మూడు పరామితులు ఉన్నాయి. స్థాన పరామితి గరిష్ఠాలు ఏ విలువ చుట్టూ చేరుతున్నాయో, మాపక పరామితి అవి ఎంతగా చెదిరి ఉన్నాయో తెలుపుతాయి. విభాజనపు తోక స్వభావాన్ని నిర్ణయించేది ఆకార పరామితి. అది రుణాత్మకమైతే గరిష్ఠానికి ఒక పై హద్దు ఉంటుంది. సున్నా అయితే గుంబెల్ విభాజనం వస్తుంది. ధనాత్మకమైతే ఫ్రెషే విభాజనం వస్తుంది. ఇందులో తోక బరువుగా ఉండి, మునుపటి రికార్డులను బహుదూరం దాటే వానలకు కూడా గణనీయమైన సంభావ్యత ఉంటుంది.

ఒక ఊహాత్మక ఉదాహరణ

ఒక కేంద్రంలో వార్షిక గరిష్ఠ దిన వర్షపాతాల సగటు 100 మి.మీ., ప్రామాణిక విచలనం 40 మి.మీ. అనుకుందాం. గుంబెల్ విభాజనంలో మాపక పరామితి ప్రామాణిక విచలనానికి 0.78 రెట్లు, అనగా 31.2. సగటు నుండి మాపక పరామితికి 0.577 రెట్లు తీసివేస్తే స్థాన పరామితి 82 వస్తుంది. 25 ఏళ్ల పునరావృత్తి కాలానికి గుణకం 3.20, 100 ఏళ్లకు 4.60. మాపక పరామితిని గుణకంతో హెచ్చించి స్థాన పరామితికి కూడితే వరుసగా 182, 226 మి.మీ. లభిస్తాయి.

స్థాన, మాపక పరామితులను అలాగే ఉంచి, ఆకార పరామితిని 0.15గా తీసుకుంటే గుణకాలు 4.10, 6.63 అవుతాయి. అప్పుడు అంచనాలు 210, 289 మి.మీ.కు పెరుగుతాయి. పొరపాటున నార్మల్ విభాజనాన్ని వాడితే 100 ఏళ్ల విలువ 193 మి.మీ. మాత్రమే వస్తుంది. 193, 226, 289: ఈ అంతరం అంతా తోకను గురించిన ఊహలో ఉన్నది. కట్ట నిలవడమో తెగడమో అక్కడే తేలుతుంది.

ఆకార పరామితి అన్నింటికంటే కీలకమైనది. 30 ఏళ్ల రికార్డు నుండి నమ్మకంగా అంచనా వేయడానికి అన్నింటికంటే కష్టమైనది కూడా. రికార్డు చిన్నదైతే బరువైన తోక కూడా తేలికగా కనిపించవచ్చు. ప్రపంచవ్యాప్తంగా 15,000కు పైగా కేంద్రాల వార్షిక గరిష్ఠాలను పాపలెక్సియు, కౌత్సోయియానిస్ 2013లో విశ్లేషించి, దిన వర్షపాతానికి ఫ్రెషే రూపమే అధికంగా వర్తిస్తుందని తేల్చారు. కనుక సౌలభ్యం కోసం ప్రతిచోటా గుంబెల్ విభాజనాన్నే వాడటం భద్రమైన అలవాటు కాదు.

దత్తాంశ సేకరణలో జాగ్రత్తలు

ఖండం సరిహద్దు వానాకాలం మధ్యలో పడరాదు. నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ ఒకే ఖండంలో ఇమిడేటట్లు జూన్ నుండి మే వరకు జలసంవత్సరంగా తీసుకోవడం ఉచితం. వానాకాలంలో కొన్ని దినాల లెక్కలు లోపించిన సంవత్సరంలో అసలు గరిష్ఠమే తప్పిపోయి ఉండవచ్చు. అట్టి సంవత్సరాన్ని పరిశీలించకుండా చేర్చరాదు. కోస్తా కేంద్రాలలో తుపాను వానలను, రుతుపవన వానలను వేర్వేరు విభాజనాలుగా అమర్చి, అవి పరస్పరం స్వతంత్రమనుకొని, మించకుండా ఉండే సంభావ్యతలను హెచ్చించడం మేలు.

వర్షమాపకాన్ని ప్రతిదినం ఉదయం 8.30 గంటలకు చదువుతారు. ఆ సమయానికి ఇరువైపులా కురిసిన వాన రెండు దినాలకు పంచబడుతుంది. అందువల్ల దినవారీ గరిష్ఠాన్ని 24 గంటల గరిష్ఠంగా మార్చడానికి 1.13తో హెచ్చించడం పరిపాటి. అన్నింటికంటే ముఖ్యంగా, అసాధారణంగా పెద్దదైన విలువను తప్పుగా భావించి తొలగించరాదు. సమీప కేంద్రాలతో సరిచూసి నిజమని తేలిన తరువాత, తోకను గురించి సమాచారమిచ్చేది ఆ విలువే.

ఫలితాన్ని అర్థం చేసుకోవడం

25 ఏళ్ల వాన అంటే 25 ఏళ్లకొకసారి లెక్క తప్పకుండా వచ్చే వాన కాదు. ఏ సంవత్సరంలోనైనా దాన్ని మించే అవకాశం 4 శాతం. 25 ఏళ్లు నిలవవలసిన కట్టను ఆ వానకే రూపొందిస్తే, ఆ కాలంలో ఒక్కసారైనా పరిమితి దాటే అవకాశం 64 శాతం. 100 ఏళ్ల వానకు రూపొందిస్తే అది 22 శాతానికి తగ్గుతుంది. పొలం లోపలి కుంటకు మొదటిది సరిపోవచ్చు. కట్ట దిగువన ఊరు ఉన్నచోట సరిపోదు.

చిన్న రికార్డులకు హాస్కింగ్ 1990లో ప్రతిపాదించిన ఎల్-మూమెంట్ల పద్ధతి అనుకూలం. ఒకే స్వభావం గల సమీప కేంద్రాలను కలిపి ఆకార పరామితిని అంచనా వేస్తే అస్థిరత్వం తగ్గుతుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఆకార పరామితి గుర్తును వ్యతిరేకంగా చూపుతాయి. దాన్ని సరిచూడకపోతే బరువైన తోక పై హద్దుగా మారిపోతుంది. కాలక్రమంలో గరిష్ఠాలు పెరుగుతున్న సూచన ఉంటే స్థాన పరామితిని కాలంతో మారేదిగా తీసుకోవాలి. ఏ పద్ధతిని అనుసరించినా, అలుగును రూపొందించే ఇంజనీరుకు ఒకే సంఖ్యను కాక, దాని విశ్వాస అవధిని కూడా అందించాలి. 226 మి.మీ. అని మాత్రమే చెబితే, 289 మి.మీ. వాన కురిసే అవకాశాన్ని ఆయన నుండి దాచినట్లే అవుతుంది.