సాఫ్ట్‌వేర్ స్విచ్‌లో ఫ్లో క్యాష్ పరిమితి: ఆవశ్యకత, ఫలితాలు

ఒకే సర్వర్‌పై నడిచే వర్చువల్ యంత్రాల మధ్య ప్యాకెట్లను చేరవేసే సాఫ్ట్‌వేర్ స్విచ్‌లలో ఓపెన్ వీస్విచ్ ప్రసిద్ధమైనది. కొత్త ప్రవాహంలోని తొలి ప్యాకెట్‌కు కెర్నల్‌లో సరిపోలే నమోదు లేకపోతే, అది యూజర్‌స్పేస్‌కు చేరుతుంది. అక్కడి ప్రోగ్రాం నియమ పట్టికలను పరిశీలించి, తన నిర్ణయాన్ని కెర్నల్‌లోని ఫ్లో క్యాష్‌లో నమోదు చేస్తుంది. తరువాతి ప్యాకెట్లు ఆ నమోదు ఆధారంగా వేగంగా సాగిపోతాయి.

ఈ నమోదుల గరిష్ఠ సంఖ్య సాధారణంగా 2,00,000. ఈ పరిమితికి మూలం మెమరీ కన్నా కాలంలో ఉంది. నియమాలు మారినప్పుడు పాత నమోదులు చెల్లవు. రీవాలిడేటర్ త్రెడ్‌లు నమోదులను సరిచూసి, చెల్లనివాటిని సవరించడమో తొలగించడమో చేస్తాయి. 10 సెకన్లపాటు వాడుకలో లేనివాటిని కూడా తొలగిస్తాయి. తనిఖీ ఆలస్యమైనంతసేపు, కొత్త నియమం నిషేధించిన ప్యాకెట్ సైతం పాత నిర్ణయం ప్రకారం గమ్యం చేరగలదు. అందువల్లనే తనిఖీకి 2 సెకన్లకు మించి పడితే స్విచ్ తన పరిమితిని తానే తగ్గించుకుంటుంది.

పరిమితి నిండితే కొత్త ప్రవాహాలకు నమోదు లభించదు. వాటి ప్యాకెట్లన్నీ యూజర్‌స్పేస్ మార్గంలోనే వెళ్లవలసి వస్తుంది; ప్రాసెసర్‌పై భారం పెరుగుతుంది; వరుస నిండితే ప్యాకెట్లు నష్టపోతాయి. వాడుకలో లేని నమోదుల గడువు కూడా 100 మిల్లీసెకన్లకు కుదించుకుపోతుంది.

కాబట్టి పరిమితిని పెంచడం ఒక్కటే పరిష్కారం కాదు. నిర్ణయానికి అవసరమైన ఫీల్డులను మాత్రమే పోల్చే మెగాఫ్లో నమోదు ఒక్కటే అనేక ప్రవాహాలకు సరిపోతుంది. నియమాలు పోర్టు సంఖ్యల వంటి సూక్ష్మ వివరాలను ఎంత తక్కువగా కోరితే, క్యాష్ అంత చిన్నదిగా, నమ్మదగినదిగా ఉంటుంది.