ఉప్పునీటి వైద్యము: దాని మేలును మేరయు

మన నల్లగొండ, మహబూబునగరు ప్రాంతములలో సెలైను సీసాను ఎరుగని గ్రామము లేదు. జ్వరము వచ్చినను, ఎండదెబ్బ తగిలినను, కూలిపని చేసి ఒడలు డస్సినను, "సారూ, ఒక గ్లూకోజు ఎక్కియ్యుండ్రి" అని వైద్యుని అడుగుట మనవారికి వాడుకయైనది. సీసా వ్రేలాడుచున్నంతసేపు వైద్యము జరుగుచున్నదనియు, దానిని తీసివేసినచో వైద్యము నిలిచిపోయినదనియు అనేకులు తలంతురు. పెద్ద ఆసుపత్రులలో ఐ.సి.యు. అని పిలువబడు తీవ్ర చికిత్సా విభాగమున రోగిని ఉంచినప్పుడు వైద్యులు సీసాను ఆపివేసిన యెడల, "మావాని మీద ఆశ వదలుకొనిరి" అని బంధువులు దుఃఖించుటయు, మరియొక సీసా పెట్టుడని బతిమాలుటయు కలదు. ఈ తలంపు ఎంతవరకు సరియైనది? సిరలోనికి ఎక్కించిన నీరు ఏమి చేయును? అది ఎప్పుడు ప్రాణము నిలుపును, ఎప్పుడు ప్రాణమునకే ముప్పు తెచ్చును? ఈ సంగతిని మా విద్యార్థులకును, వారి ద్వారా వారి యింటివారికిని విశదపరచుట మా యుద్దేశము.

మొదట శరీరములోని నీటి లెక్కను చూతము. ఎదిగిన పురుషుని బరువులో నూటికి సుమారు 60 పాళ్లు నీరే. కావున 60 కిలోల బరువుగల మనుష్యునిలో ఇంచుమించు 36 లీటర్ల నీరుండును. ఇందు మూడింట రెండు పాళ్లు, అనగా 24 లీటర్లు, జీవకణముల లోపల నుండును. మిగిలిన 12 లీటర్లలో 9 లీటర్లు కణముల నడుమ నుండును. రక్తనాళములలో రక్తరసముగా ప్రవహించునది 3 లీటర్లు మాత్రమే. సృష్టికర్త మన ప్రాణమును ఈ కొద్దిపాటి ప్రవాహముపై నిలిపియున్నాడు.

దీనిని మనకు తెలిసిన చెరువు పారుదలతో పోల్చవచ్చును. పానగల్లు ఉదయసముద్రము వంటి చెరువు క్రింద కాలువలో నీరు నిండుగా పారినగాని చివరి మడికి తడి అందదు. అట్లే రక్తనాళములలో ద్రవము తగ్గినప్పుడు గుండె ఎంత వేగముగా కొట్టుకొన్నను మూత్రపిండములకును మెదడునకును తగినంత రక్తమందదు. ఈ దశనే వైద్యులు షాకు అందురు. కాలువ ఎండినప్పుడు నీరు విడుచుటయే మందు. అయితే కాలువ గట్టుకు గండ్లు పడియున్నచో, ఎంత నీరు విడిచినను అది కాలువలో నిలువక పొలములలో నిలిచి పైరును కుళ్లజేయును. కాలువ ఎండినదా, గట్టు తెగినదా అని కనుగొనుటయే ఈ వైద్యమునందలి కీలకము.

ఉప్పునీటి వైద్యము పుట్టినది కలరా వలననే. మన పెద్దలు గత్తర అని భయముతో పలుకు ఆ వ్యాధిలో వాంతులును విరేచనములును పట్టి, కొలది గంటలలోనే శరీరమందలి నీరు వెడలిపోవును, కన్నులు గుంటలు పడును, నాడి చేతికందదు. 1831వ సంవత్సరమున కలరా ఇంగ్లాండునకు ప్రాకగా, విలియం బ్రూక్ ఓషానెస్సీ అను ఐరిషు యువవైద్యుడు రోగుల రక్తమును పరీక్షించి, అందు నీరును లవణములును మిక్కిలి తగ్గిపోయినవని కనుగొనెను. ఈయనయే తరువాత కలకత్తాకు వచ్చి మన దేశమున టెలిగ్రాఫు తంతులను వేయించెను. 1832లో స్కాట్లండులోని లీత్ పట్టణపు వైద్యుడు థామస్ లాటా, చావు సమీపించిన ఒక వృద్ధురాలి సిరలోనికి ఉప్పునీటిని ఎక్కించెను. ఆమె మొగమున కళ వచ్చెను, నాడి తిరిగి ఆడెను. ఆమె కోలుకొన్నదని తలంచి ఆయన వెడలిపోయిన పిమ్మట వాంతిభేదులు మరల ఆరంభమయ్యెను. నీరు మరల ఎక్కింపబడనందున కొన్ని గంటలలో ఆమె మరణించెను. ఎంత పోవుచున్నదో అంత పూరింపవలెనని ఈ మొదటి ప్రయత్నమే నేర్పినది.

ఆ పిమ్మట ఈ పద్ధతి చాలకాలము మరుగున పడియుండెను. ఇరువదవ శతాబ్దపు మొదటి దశకములో లియొనార్డు రోజర్సు కలకత్తాలో కలరా రోగులకు గాఢమైన ఉప్పునీటిని ఎక్కించి మరణములను ఇంచుమించు సగమునకు తగ్గించెను. 1971లో బంగ్లాదేశ యుద్ధ కాలమున బనగాఁవ్ శరణార్థి శిబిరములో కలరా చెలరేగి, సెలైను సీసాలు నిండుకొనుచుండగా, డాక్టరు దిలీప్ మహలనబీస్ గారు ఉప్పును గ్లూకోజును కలిపిన నీటిని నోటితోనే త్రాగించిరి. అంతకు ముందు నూటికి సుమారు 30 మంది చనిపోవుచుండగా, ఆ నీరు త్రాగినవారిలో నూటికి నలుగురికంటె తక్కువమందియే చనిపోయిరి. ఏలననగా, ప్రేగులలో గ్లూకోజు లోనికి పోవునప్పుడు ఉప్పును తనతో కొనిపోవును. ఉప్పు వెంట నీరు పోవును. విరేచనములు పట్టినప్పుడు కూడ ఈ ద్వారము మూయబడదు.

ఇక సీసాలో ఏమున్నది? సాధారణ సెలైను లీటరులో 9 గ్రాముల ఉప్పు ఉండును, అంతే. అందులో క్లోరైడు మన రక్తములోని దానికంటె హెచ్చుగా నుండును గనుక, మిక్కిలిగా ఎక్కించినచో రక్తమున ఆమ్లగుణము పెరుగును. రింగరు లాక్టేటు అను ద్రవము రక్తమునకు మరి దగ్గరి పోలిక గలది. 1880వ దశకములో సిడ్నీ రింగరు లండనులో కప్ప గుండెలపై చేసిన పరీక్షలనుండి ఇది పుట్టినది. 1930వ దశకములో అమెరికా శిశువైద్యుడు అలెక్సిస్ హార్టుమను దీనికి లాక్టేటును చేర్చెను. మనవారు బలము కొరకు కోరు గ్లూకోజు సీసా సంగతి వినుడు. 500 మిల్లీలీటర్ల సీసాలో నూటికి 5 పాళ్ల గ్లూకోజు, అనగా 25 గ్రాములు మాత్రమే కలదు. ఇది అయిదారు చిన్న చెంచాల చక్కెరకు సమానము. వాంతులు లేక అన్నము తినగల మనుష్యునికి ఒక గిన్నెడు జొన్న గటక అంతకంటె ఎక్కువ బలమిచ్చును, ఖర్చును తక్కువ, సూది వలన క్రిములు చొచ్చు భయమును లేదు.

ఇప్పుడు ఐ.సి.యు.లోనికి పోదము. అచ్చటి రోగులలో అనేకులకు నీరు బయటికి పోయి షాకు కలుగలేదు. క్రిములు శరీరమంతట వ్యాపించి సెప్సిస్ అను స్థితి కలిగినది. అందు సన్నని రక్తనాళముల గోడలు కారును, నాళములు సడలును. ఇదియే గట్టు తెగిన కాలువ. ఎక్కించిన సెలైనులో కొంత భాగమే నాళములలో నిలిచి, మిగిలినది కణముల నడుమకు జారును. కాళ్లు వాచును, కడుపు ఉబ్బును, అన్నిటికంటె భయంకరముగా ఊపిరితిత్తులు నీటితో నిండి శ్వాస కష్టమగును.

పూర్వము వైద్యులును ఎక్కువ నీరు ఎక్కువ మేలని తలంచిరి. 2011లో ప్రకటింపబడిన ఒక పరిశోధన వారిని నివ్వెరపరచెను. ఉగాండా, కెన్యా, టాంజానియా దేశములలో తీవ్ర జ్వరముతో రక్తప్రసరణ క్షీణించిన 3,141 మంది పిల్లలను ఇందు చేర్చిరి. వాంతిభేదుల పిల్లలను చేర్చలేదు. త్వరితముగా ద్రవము ఎక్కింపబడిన పిల్లలలో 48 గంటలలో నూటికి 10 మందికి పైగా చనిపోగా, అట్లు ఎక్కింపక మెల్లగా ఇచ్చినవారిలో నూటికి 7 మంది చనిపోయిరి. కృత్రిమ శ్వాస యంత్రములు లేని ఆసుపత్రులలో ఇది జరిగెను గనుక, చిన్న ఊళ్ల వైద్యశాలలకు ఈ పాఠము మరింత ముఖ్యము. ద్రవమును మార్చినను గండి పూడదు. 2004లో ప్రకటింపబడినట్లు, ఆస్ట్రేలియా, న్యూజిలాండు ఐ.సి.యు.లలో సుమారు 7,000 మందిపై పరీక్షింపగా, ఖరీదైన ఆల్బుమిను సెలైనుకంటె మరణములను తగ్గింపలేదు. పిండిపదార్థముతో చేసిన ద్రవము సెప్సిస్ రోగులకు హాని చేయునని 2012లో తేలెను.

అట్లయినచో నీరు ఇయ్యరాదా? అట్లనుట పొరపాటు. 2021లో వెలువడిన అంతర్జాతీయ సెప్సిస్ మార్గదర్శకము, షాకులోనున్న పెద్దలకు మొదటి 3 గంటలలో కిలోకు కనీసము 30 మిల్లీలీటర్లు ఇయ్యవచ్చునని సూచించెను. 60 కిలోల మనుష్యునికి ఇది 1,800 మిల్లీలీటర్లగును. ఆ తరువాత ప్రతి సీసాకును ముందు పరీక్ష జరుగవలెను. వైద్యులు రోగి కాళ్లను పైకెత్తి చూతురు. అప్పుడు కాళ్లలోని రక్తము సుమారు 300 మిల్లీలీటర్లు గుండెవైపు వచ్చును. గుండె దానిని అందుకొని మరింత రక్తమును త్రోసినచో నీరు పనికివచ్చునని అర్థము, లేనిచో పనికిరాదు. కాళ్లు దింపగానే ఆ రక్తము తిరిగిపోవును గనుక ఈ పరీక్షలో నష్టము లేదు. వ్రేలి కొనను నొక్కి విడిచి ఎఱుపు ఎన్ని సెకండ్లలో తిరిగి వచ్చునో చూతురు. మూత్రమును గంటగంటకు కొలుతురు. నీటివలన మేలు లేదని తోచినప్పుడు సీసాను ఆపి, నాళములను బిగించు మందును సన్నని ధారగా ఇత్తురు. ఆపుటయు ఇట్లు వైద్యములో భాగమే.

మన ప్రాంతమున వానకాలములో వచ్చు డెంగీ దీనికి మంచి ఉదాహరణము. జ్వరము తగ్గినదని ఇంటివారు సంతోషించు సమయముననే, అనగా 3వ దినము మొదలు 7వ దినము లోపల, కొందరికి రక్తరసము నాళములనుండి కారనారంభించును. ఆ 24 నుండి 48 గంటలు కొలత ప్రకారము ద్రవమియ్యవలెను. పిమ్మట కారిన నీరు తనంతట తాను నాళములలోనికి తిరిగివచ్చును. అప్పుడును సీసా నడచుచుండినచో ఊపిరితిత్తులు మునుగును. నిన్న ప్రాణము కాచిన సీసాయే నేడు ప్రాణాపాయమగును.

కావున విద్యార్థులారా, మీరు ఇంటికి ఈ మాటలు కొనిపొండు. వాంతిభేదులు పట్టినప్పుడును, ఎండలో పనిచేసి చెమటతో డస్సినప్పుడును, త్రాగగలిగినవారికి వెంటనే ఓ.ఆర్.ఎస్. పొడిని కట్టపై చెప్పిన కొలత నీటిలో కలిపి కొంచెము కొంచెముగా త్రాగింపుడు. పొడి దొరకనిచో లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చిన్న చెంచాల చక్కెరయు, అర చెంచా ఉప్పును తలకొట్టి వేసి కలుపుడు, ఉప్పు హెచ్చరాదు. మత్తుగా పడియుండుట, మూత్రము రాకుండుట, చేతులు కాళ్లు చల్లబడుట, త్రాగినదెల్ల వాంతియగుట కనబడినచో ఊరిలో సీసాలు ఎక్కించుచు ప్రొద్దుపుచ్చక పెద్ద ఆసుపత్రికి చేర్పుడు. నల్లగొండ, మహబూబునగరు, సూర్యాపేటలలో ప్రభుత్వ వైద్య కళాశాలలు ఏర్పడినవి. బీబీనగరములో ఎయిమ్సు కలదు. ఉత్త నీరసమునకు సీసా అడుగవలదు. నీరసమునకు కారణమేమని అడుగుడు. మీవారు ఐ.సి.యు.లో నున్నప్పుడు వైద్యుడు సీసాను ఆపినచో, "ఎందుకు ఆపితిరి, ఇప్పుడు ఏమిచ్చుచున్నారు?" అని మర్యాదగా అడిగి తెలిసికొనుడు. అది మీ హక్కు. చదువుకొన్న బిడ్డ ఇంటనున్నందుకు ఆ యొక్క ప్రశ్నను అడుగగలుగుటయు ఒక ఫలమే.